వంగని నడుము

వైద్య కళాశాలలో చివరి సంవత్సరపు ప్రాక్టికల్ పరీక్ష జరుగునాడు వార్డు వరండాలో విద్యార్థులు ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న ఒక్కటే: "నీకే కేసు వచ్చినది?" గుండె కవాటపు జబ్బు వచ్చినవాడు ఊపిరి పీల్చుకొనును, స్టెతస్కోపు పెట్టినచో ఆ జబ్బు తానే చప్పుడు చేయును. కాలేయము పెరిగిన రోగి వచ్చినవాడును ధైర్యముగనే యుండును. అది చేతికి తగులును. నడుము నొప్పి వచ్చినవాని ముఖము మాత్రము వాడిపోవును. ఆ నొప్పి వినబడదు, తగులదు. రోగి చెప్పిన మాటయే దానికి ఆధారము. పైగా నడుము నొప్పి యనునది ఒక రోగము పేరు కాదు. బస్తా ఎత్తి బెణికిన కండరము మొదలు వెన్నుపూసను తినివేయుచున్న క్షయ వరకు, మూత్రపిండములోని రాయి మొదలు ఎచ్చటనో పుట్టి ఎముకకు పాకిన రాచపుండు వరకు, ఎన్నో వ్యాధులు ఆ ఒక్క మాటతోనే ఆసుపత్రి గడప తొక్కును.

నడుము నొప్పితో వచ్చువారిలో రమారమి నూటికి తొంబదిమందికి ప్రమాదకరమైన కారణమేదియు ఉండదు. కొన్ని వారములలో అది తనంత తానే తగ్గిపోవును. పరీక్షకుడు ఆలోచించునది ఆ తొంబదిమందిని గూర్చి కాదు. మిగిలిన కొద్దిమందిని ఈ కుర్రవాడు గుంపులోనుండి ఏరగలడా లేదా యనియే ఆయన చూచును.

అందుకు కొన్ని ప్రశ్నలు ఏర్పడియున్నవి. నొప్పి బరువెత్తినప్పుడు ఒక్కసారిగా పట్టినదా, నెమ్మదిగా పెరిగినదా? కాలిలోనికి దిగుచున్నదా? దగ్గినను తుమ్మినను హెచ్చుచున్నదా? పండుకొన్నచో తగ్గునా, లేక రాత్రులందే హెచ్చి నిద్ర చెరచునా? తెల్లవారి లేచునప్పుడు బిగిసియుండి, తిరుగాడిన కొలది సడలునా? జ్వరమున్నదా, ఒళ్లు చిక్కినదా? ఇవన్నియు అడిగి, విద్యార్థులు సిగ్గుచేత మరచిపోవు ప్రశ్న ఒకటి మిగులును: మలమూత్రములు స్వాధీనములో ఉన్నవా? వెన్నుపాము ముగిసినచోట నాడులన్నియు గుర్రపుతోకవలె జారియుండును. అచ్చట ఒత్తిడి కలిగినచో తొడల నడుమ స్పర్శ పోవును, మూత్రము బిగియును. వెంటనే శస్త్రచికిత్స జరుగనిచో ఆ మనిషి జీవితాంతము వికలాంగుడగును. ఆ ఒక్క ప్రశ్న అడుగనివానిని తప్పించిన పరీక్షకుని క్రూరుడనుటకు వీలు లేదు.

ఒకే రోగి, ఒకే పరీక్షకుడు, ఆయన ఆనాటి చిత్తవృత్తి; ఈ మూటిపై విద్యార్థి భవిష్యత్తు ఆధారపడుట అన్యాయమని చాలమంది తలచిరి. స్కాట్లండులోని డండీ నగరమున రోనాల్డ్ హార్డెన్ అను ఆచార్యుడు 1975లో ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించెను. గంట మ్రోగినప్పుడెల్ల విద్యార్థి ఒక బల్లనుండి మరియొక బల్లకు పోవును. ప్రతి బల్లవద్ద ఒక చిన్న పని. ప్రతి పనికి ముందుగనే నిర్ణయించిన మార్కులు. అంతకు ముందు 1963 ప్రాంతమున లాస్ ఏంజిల్స్ నగరములో హోవర్డ్ బారోస్ అను నాడీవైద్యుడు ఆరోగ్యవంతులకు రోగలక్షణములు నేర్పి, వారిని రోగులుగా నటింపజేసి విద్యార్థులను పరీక్షించెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు 2004లో ఇట్టి నటులతో జరుగు పరీక్షను వైద్య పట్టభద్రులందరికిని తప్పనిసరి చేసినవి. గుంటూరు, విశాఖపట్నము, కర్నూలు, హైదరాబాదులలో చదివి ఆ దేశమునకు పోగోరిన తెలుగు వైద్యులు ఫిలడెల్ఫియా, అట్లాంటా, చికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజిల్స్ నగరములలో ఏదో ఒకదానికి పోయి, ఒక్క దినమున పన్నెండుగురు నటులను పరీక్షించెడివారు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషములు. తరువాత వ్రాతకు పది. కోవిడ్ కారణముగా 2020లో ఆగిన ఆ పరీక్ష 2021 జనవరిలో శాశ్వతముగ రద్దయ్యెను.

రద్దయినంత మాత్రమున దానిని తీసివేయరాదు. నడుము నొప్పి అందు అభ్యర్థులు తప్పక సాధన చేసిన ఘట్టము. తలుపు తట్టి లోనికి పోవుట, తన పేరు చెప్పుకొనుట, చేతులు కడుగుకొనుట, రోగిపై దుప్పటి కప్పుట, కాలు ఎత్తుటకు ముందు అనుమతి అడుగుట. వీనికన్నిటికిని అందు విలువ ఉండెను. మన పెద్దాసుపత్రులలో గోచీతో నిలువబెట్టి పదిమంది ఎదుట వంగుమని గద్దించుట చూచినవారికి ఆ మర్యాదల విలువ వేరుగ చెప్పనక్కరలేదు. అయితే నటునితో ఒక చిక్కున్నది. నటునికి నొప్పి నేర్పవచ్చును, వయస్సు కల్పింపవచ్చును, ఉద్యోగము కల్పింపవచ్చును. ఊరు మాత్రము కల్పింపరు. కల్పించినను ఆ ఊరి నీరు వాని ఎముకలలో ఉండదు.

రాచర్ల ప్రాంతమునుండి వచ్చు రోగి సంగతి వేరు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండ, నడుమ వాన తక్కువైన మెట్టనేల. గుండ్లకమ్మ వానకారున పారి వేసవిలో ఇసుకయై మిగులును. తరతరములుగా ఇచ్చటి వారికి త్రాగుటకును వండుటకును ఆధారము బావులు; అవి ఎండిన పిదప బోర్లు. జబ్బు ముదిరినచో ఇచ్చటివారు మార్కాపురము మీదుగా ఒంగోలుకో, నల్లమల కనుమ దాటి కర్నూలుకో పోవుదురు. అట్టి రైతు యొకడు, నలుబదియైదు సంవత్సరములవాడు, పరీక్షా మంచము ప్రక్కన నిలిచియున్నట్లు ఊహింపవచ్చును. విద్యార్థి వాని నొప్పిని గూర్చి అడుగును.

"నడుం వంగదు బాబూ. కిందబడిన తువ్వాలు తీసుకోవాలన్నా మోకాళ్ల మీద కూకోవాల్సిందే. మెడ గూడా తిరగదు. ఎవరన్నా పిలిస్తే మనిషంతా తిరగాల."

"ఎన్నాళ్ల నుంచి, పెద్దాయనా?"

"ఏం చెప్పేది? నాలుగైదేండ్ల నించి. అంతకుముందు కాళ్లల్లో చేతుల్లో తిమ్మిర్లు పొడిచేటియి."

విద్యార్థి చదివినవాడే. రోగిని వెల్లకిల పండబెట్టి, మోకాలు వంచక కాలిని పైకెత్తి చూచును. నాడి నొక్కుకొనిపోయినచో నొప్పి తొడవెనుకనుండి పిక్కలోనికి కొరడావలె దిగవలెను. ఇది ఫ్రెంచి వైద్యుడు లాసేగ్ పేర ప్రసిద్ధమైన పరీక్ష. నిజమునకు దానిని 1881లో వ్రాసి ప్రకటించినవాడు ఆయన శిష్యుడు ఫోర్స్ట్. గురువు పేరు నిలిచినది, శిష్యుని పేరు ఎవరికిని తెలియదు. ఈ రైతుకు నొప్పి కాలిలోనికి దిగదు. కాలు బిగిసి మాత్రము యుండును. తరువాత షోబర్ పరీక్ష. నడుము దిగువ ఇరుప్రక్కల కనబడు గుంటల నడుమ ఒక గీత, దానికి 10 సెంటీమీటర్ల పైన మరియొక గీత గీసి, రోగిని ముందుకు వంగుమనవలెను. ఆరోగ్యవంతుని వెన్ను సాగి ఆ 10 సెంటీమీటర్లు సుమారు 15 అగును. దరజీ టేపు తప్ప వేరు పరికరము అక్కరలేని యీ పరీక్షయందు మన రైతు వెన్ను 11 దాటదు.

వెన్ను బిగిసినది, మెడ బిగిసినది. పుస్తకములో దీనికి సమాధానము సిద్ధముగ నున్నది: వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొని వెదురుబొంగువలె మారు ఒకానొక కీళ్లవ్యాధి. తెలివిగల విద్యార్థి ఆ పేరు చెప్పును. ఈ రోగి విషయమున తెలివిగల విద్యార్థియే పొరబడును.

షోబర్ తన కొలతను జర్మను వైద్యపత్రికలో ప్రకటించినది 1937లో. చిత్రమేమన, అదే సంవత్సరమున ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చిలో మద్రాసు రాజధానియందలి ఒక వింత వెన్నునొప్పిని గూర్చి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అను నలుగురు వైద్యులు వ్రాసిరి. షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లాలోని ఆ జబ్బును గూర్చి ఇండియన్ మెడికల్ గెజెటులో ప్రకటించినదియు ఆ యేడే. ఆనాడు దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నియు ఒక్కటయినవి. మన దేశమున ఫ్లోరోసిస్ అను వ్యాధిని మొదట గుర్తించి వ్రాసినది ఈ మెట్టప్రాంతపు మనుష్యుల వెన్నులను చూచియే.

ఆ వైద్యుల జాబితా తిలకింపదగినది. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు అధిపతి. తరువాత 1948లో మలేరియా క్రిమి మనుష్యుని కాలేయములో దాగు దశను గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నవాడు. బర్నార్డ్ ఎక్స్-రే నిపుణుడు; మద్రాసులో ఆయన పేర సంస్థ యున్నది. పండిట్ తరువాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి అధిపతి అయ్యెను. రాఘవాచారి నీటిని పరీక్షించువాడు. నడుము నొప్పికి కారణము వెదకుటకు నీటి పరీక్షకుని వెంట తీసికొనిపోవుట ఆనాటికి ఎంత దూరపుటాలోచనయో వైద్యవిద్యార్థులు గ్రహింపవలెను.

వారు వర్ణించిన క్రమము ఈ రైతు చెప్పినదే. మొదట కాళ్లుచేతులలో తిమ్మిరి, నొప్పులు. పిదప నడుము బిగియును. ఆ బిగుపు వెన్నువెంట పైకెగబ్రాకి మెడను చేరును. ప్రక్కటెముకలు కదలక, రోగి పొట్టతోనే ఊపిరి తీయవలసి వచ్చును. కడపట మంచము. అందరికిని ఇంతవరకు రాదు; నీటిలోని ఫ్లోరైడు మోతాదు, త్రాగిన సంవత్సరములు, తిన్న తిండి, చేసిన శ్రమ, మూత్రపిండముల బలము, వీనినిబట్టి తరతమ భేదములుండును.

ఫ్లోరైడు రాతిలోనిది. గ్రానైటు వంటి శిలలలోని కొన్ని ఖనిజములనుండి కరగి భూగర్భజలములో కలియును. సున్నపుధాతువు తక్కువై క్షారము హెచ్చయిన నీరు దానిని మరింతగా లాగుకొనును. వాన తక్కువై, బోరు లోతు హెచ్చిన కొలది నీరు ఆ రాతితో ఎక్కువకాలము కాపురము చేయును. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. అంతకుమించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఫ్లోరైడు ఎముక స్ఫటికములలో చొచ్చి కూర్చుండును. ఎముక చిక్కనగును, ఎక్స్-రే చిత్రమున సుద్దవలె తెల్లగా కనబడును. ఎముకను ఎముకకు కట్టియుంచు సాగుడు తంతువులు సున్నముపట్టి గట్టిపడును. వెన్నుపాము పోవు దారి ఇరుకై, కొందరికి కాళ్లు పడిపోవును.

ఈ రోగిని పరీక్షింపవలసిన విద్యార్థి నడుమును చూచుటకు ముందు నోరు తెరువుమని అడుగవలెను. దంతముల పింగాణీపొర తయారగునది ఇంచుమించు ఎనిమిదేండ్ల వయస్సులోపలనే. ఆ కాలమున త్రాగిన నీటిలో ఫ్లోరైడు హెచ్చినచో పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు, అడ్డచారలు, పసుపు, గోధుమ వన్నెలు ఏర్పడి ఎన్నటికిని పోవు. తోమినను పోవు. చిన్ననాడు ఏ బావి నీరు త్రాగినదియు ఆ నోటిలో దస్తావేజువలె నిలిచియుండును. పొగాకు గారయు తమలపాకుల గారయు దంతము చిగురు మొదలున పట్టును. ఇది పింగాణీలోనే, ఎడమ పంటికిని కుడి పంటికిని జోడుగా నుండును.

ఇందొక మెలిక యున్నది. ఎనిమిదేండ్లు దాటిన పిదప ఎంత ఫ్లోరైడు త్రాగినను దంతములకు మచ్చ రాదు. ఎముకలకు మాత్రము వచ్చును. కావున నదీతీరపు ఊరిలో పుట్టి ఈ మెట్ట ఊరికి కోడలుగా వచ్చిన ఆమె దంతములు ముత్యములవలె నుండి, నడుము మాత్రము కొయ్యబారవచ్చును. ఇచ్చట పుట్టి, చిన్ననాడు ఈ నీరు త్రాగి, తీరప్రాంతమునకు కాపురమునకు పోయిన ఆమెకు మచ్చల దంతములుండి, నడుము హాయిగా వంగవచ్చును. అందుచేత నడుము నొప్పితో వచ్చిన స్త్రీని "అమ్మా, మీ ఊరేది?" అని అడిగి ఊరుకొనరాదు. పుట్టినూరేది, మెట్టినూరేది, ఒక్కొక్కచోట ఎన్నేండ్లు, ఏ బావి నీరు అని అడుగవలెను. ఏ దేశపు పరీక్షా పత్రములోను ఈ ప్రశ్నకు మార్కు కేటాయించినట్లు కనబడదు.

వెన్ను బిగిసిన రెండు జబ్బులను వేరుచేయు మార్గము మరియొకటి కలదు. అది వెన్నులో కాక ముంజేతిలో నున్నది. ముంజేతి రెండెముకల నడుమ పలుచని పొర యొకటి యుండును. ఫ్లోరోసిస్ రోగికి ఆ పొర సున్నముపట్టి, ఎముక అంచున ముల్లువలె, అలవలె ఎక్స్-రేలో అగుపించును. కీళ్లవ్యాధి వలన అట్లు కాదు. నడుము నొప్పియని వచ్చినవానికి ముంజేతి ఎక్స్-రే తీయించిన యువవైద్యుని చూచి రోగి బంధువులు నవ్వవచ్చును.

గుర్తింపనిచో ఏమగును? మందు బిళ్లలు మొదలగును. గ్రామమున సూదిమందు, పట్నమున బెల్టు, దుకాణమున చీటీ లేకయే దొరకు నొప్పిమాత్ర. నొప్పిమాత్రలు ఏండ్ల తరబడి మ్రింగినచో మూత్రపిండములు చెడును. శరీరమునుండి ఫ్లోరైడును బయటికి పంపునవి ఆ మూత్రపిండములే. అవి నీరసించిన కొలది ఎముకలో మరింత ఫ్లోరైడు నిలుచును, నొప్పి హెచ్చును, మాత్రలును హెచ్చును. బిగిసిన వెన్నును మరల సడలించు మందు నేటికిని లేదు. నీరు మార్చినచో వ్యాధి ముదరకుండ ఆగును, నొప్పులు కొంత తగ్గవచ్చును. పాలు, ఆకుకూరలు, ఉసిరి వంటి పుష్టికరమైన తిండి మేలు చేయును. ముందుగ గుర్తించినంత లాభము.

నీటిని గూర్చి అడుగుట క్రొత్త విద్య యేమియు కాదు. గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీసు పేర వెలసిన "గాలులు, నీళ్లు, స్థలములు" అను గ్రంథము, క్రొత్త ఊరికి పోయిన వైద్యుడు అచ్చటి జనులు ఎట్టి నీరు త్రాగుదురో మొదట విచారింపవలెనని సుమారు 2,400 సంవత్సరముల క్రిందటనే చెప్పెను. ఇటలీ వైద్యుడు రామజీని 1700లో పనివారి వ్యాధులపై వ్రాసిన గ్రంథమున, రోగిని "నీవేమి పని చేయుదువు?" అనికూడ అడుగుమని చేర్చెను. ఈ రెండవ ప్రశ్నయు మార్కాపురము సీమలో తప్పక అడుగవలసినదే. తెలుగు పిల్లలు తరతరములుగా అక్షరములు దిద్దిన పలకలు ఇచ్చటి రాతినుండి చీల్చినవి. ఆ రాతిని తవ్వి, కూర్చుండి పొరలుగా చీల్చి, మోసిన వాని నడుము నొప్పి వట్టి శ్రమవలన కావచ్చును. కాని ఇసుకధాతువు గల రాతిదుమ్ము పీల్చినవారికి క్షయ సులభముగా అంటును; క్షయ వెన్నుపూసనును పట్టును. పర్సివల్ పాట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు 1779లో వర్ణించిన గూనివెన్ను అదియే. పలకల పనివాడు సాయంకాలపు జ్వరమును, చిక్కిన ఒంటిని, నడుము నొప్పిని గూర్చి చెప్పినచో దానిని అలసటయని పంపివేయరాదు.

2008–09లో కేంద్ర ప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమము నారంభించెను. అందు గ్రామసీమలలో వాడు మూడు పరీక్షలు, వైద్యవిద్యార్థి చేయు పరీక్షల సారమే. మోకాళ్లు వంచక ముందుకు వంగి నేలను తాకుట. గడ్డమును రొమ్మునకు ఆనించుట. చేతులను ప్రక్కలకు చాచి, మడిచి, తలవెనుక చేర్చుట. ఇవి చేయలేకపోయినంత మాత్రమున ఫ్లోరోసిస్ అని తేల్చరాదు. మూత్రమును, నీటిని పరీక్షించి, ఎక్స్-రే చూచియే చెప్పవలెను. కాని ఎవరిని ముందు పంపవలెనో అవి తెలుపును. ఉదయపు డ్రిల్లులో పిల్లలచేత ఇవే చేయించు ఉపాధ్యాయునికి వేరు శిక్షణ అక్కరలేదు.

నీటి విషయమున ఒక భ్రమ బాగుగ వ్యాపించియున్నది. కాచినచో నీటిలోని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి 1970లలో నాగపూరు పరిశోధనాలయమున రూపొందినది. అది పనిచేయును గాని ప్రతి దినము ఓపికతో చేయువారు అరుదు. నేడు పల్లెలకు శుద్ధిచేసిన నీటి క్యానులు వచ్చినవి. త్రాగుటకు క్యాను నీరు, అన్నమునకును పప్పునకును బోరు నీరు వాడు ఇంట ఫ్లోరైడు కంచములోనుండి వచ్చును. శ్రీశైలమునుండి కృష్ణనీటిని నల్లమల క్రిందుగా ఈ ప్రాంతమునకు తెచ్చుటకై పూల సుబ్బయ్య పేర చేపట్టిన వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్క సొరంగము సుమారు 18.8 కిలోమీటర్ల పొడవు. ఫ్లోరైడు పీడిత గ్రామములకు త్రాగునీరు దాని ఉద్దేశములలో ఒకటి. ఆనాడు ఒకటవ తరగతిలో చేరిన బాలుడు నేడు ముప్పది దాటినవాడు. నడుము బిగియుట ఆరంభించు వయస్సు అది.

ఆరేడేండ్ల పిల్లలకు పాలపండ్లు ఊడి ముందరి శాశ్వత దంతములు మొలకెత్తును. ఒకటి రెండు తరగతులు చెప్పు ఉపాధ్యాయుడు ఆ క్రొత్త పండ్లను దినమును చూచుచునే యుండును. వానిపై తెల్లని చారలు కనబడిన పిల్లవాని ఇంటిలో తల్లిని, తాతను, బావిని గూర్చి తెలిసికొనదగినది చాల యున్నది. వాని లోపలి పండ్లు కొన్ని దవడలో ఇంకను తయారగుచునే యున్నవి. ఇంట వాని తమ్ముడో చెల్లెలో ఉన్నచో, వారి శాశ్వత దంతములు ఇంకను మొలవలేదు. వానిని డ్రిల్లులో వంగుమన్నచో, మోకాళ్లు వంచకయే రెండరచేతులను నేలకు ఆనించును.